నదిలో కాలు జారకుండా: గాలం వేసేవాళ్ల బూట్ల గురించి మీకు తెలుసా?

ట్రౌట్ చేప కోసం ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తే చాలదు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో అయినా, అమెరికాలోని మోంటానాలో అయినా గాలం వేసేవాళ్లు నదిలోకి దిగాల్సిందే. మోకాలి లోతులో, ఒక్కోసారి నడుం లోతులో నిలబడాలి. అడుగున గుండ్రటి రాళ్లు, వాటి మీద పాకుడు, కాళ్లను తోసుకుపోయే చల్లటి నీళ్లు. అలాంటి చోట మనిషిని నిలబెట్టేది బూటు అడుగున వేలెడు మందం కూడా లేని సోలు. గాలపు కర్రకు ఎంతైనా పెట్టి, బూట్ల దగ్గరికొచ్చేసరికి పొదుపు చూసేవాళ్లు చాలామంది. అది మంచి పొదుపు కాదు. సియాటిల్‌లోనో, డెన్వర్‌లోనో, ఆక్లాండ్‌లోనో ఉంటూ ఈ సరదాలోకి దిగే మనవాళ్లు బూట్లు కొనేముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

జారేది నీళ్ల వల్ల కాదు

తడిసిన రాయి ఒట్టిదే అయితే మంచి రబ్బరు సోలు దాన్ని బాగానే పట్టుకుంటుంది. అసలు చిక్కు రాయి మీద పెరిగే జిగురు పొరతో. డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు, బ్యాక్టీరియా కలిసి కట్టుకునే పొర అది. రబ్బరు దాని మీద అదుముకుంటుందే తప్ప కింద ఉన్న రాయిని తాకలేదు. ఫెల్ట్, అంటే పోగులను అదిమి గట్టిపరిచిన దళసరి పట్టీ, వేరే రకంగా పనిచేస్తుంది. దాని వేల పోగులు ఆ జిగురును పక్కకు నెట్టి, రాతి గరుకులోకి చొచ్చుకుపోతాయి. పాకుడు రాళ్ల మీద ఫెల్ట్‌కు దీటుగా ఒట్టి రబ్బరు నిలవదని నదుల్లో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు చాలామంది ఇప్పటికీ అంటారు.

జపాన్‌లో ఇది మామూలు సంగతి

అక్కడి కొండవాగుల్లో ‘అయు’ అనే చేపను పట్టేవాళ్లు బొటనవేలు విడిగా ఉండే ‘తబి’ బూట్లు తొడుక్కుంటారు. వాటి అడుగున ఉండేది ఫెల్ట్. అంతకుముందు వాగుల్లో నడవడానికి గడ్డితో అల్లిన ‘వరాజి’ చెప్పులు కట్టుకునేవారు. తడిసిన గడ్డి పోగులు కూడా పాకుడు రాయిని పట్టుకుంటాయి.

అంత మంచి ఫెల్ట్‌ను ఒక దేశం నిషేధించింది

2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని వయావు నది దిగువ భాగంలో ‘డిడిమో’ అనే డయాటమ్ కనిపించింది. ఒక్కో కణం కంటికి ఆనదు. కానీ ప్రతి కణం ఒక కాడను పెంచుతుంది. ఆ కాడలు పెనవేసుకుని నది అడుగు మొత్తాన్ని మందపాటి గోధుమరంగు దుప్పటిలా కప్పేస్తాయి. చూడ్డానికి జిగటగా అనిపించినా, ముట్టుకుంటే తడి ఉన్నిలా గరుకుగా ఉంటుంది. ఆ దుప్పటి పరుచుకున్న చోట చేపలు తినే పురుగుల తీరే మారిపోతుంది.

డిడిమో ఒక నది నుంచి ఇంకో నదికి ఎలా వెళుతోందని వెతికినవాళ్ల చూపు మనుషుల సామగ్రి మీద పడింది. వాడిన ఫెల్ట్ సోలును ఒకసారి తిప్పి చూడండి, అనుమానం ఎందుకొచ్చిందో తెలుస్తుంది. పోగుల మధ్య ఇసుక రేణువులు, సన్నటి పచ్చటి నాచు పీచు ఇరుక్కుని ఉంటాయి. బూటు పైభాగం పొడిగా కనిపిస్తున్నా సోలును బొటనవేలితో గట్టిగా నొక్కితే నీళ్లు ఊరతాయి. ఆ తడి ఉన్నంతసేపూ కణం బతుకుతుంది. బ్రష్షుతో ఎంత రుద్దినా లోపలి పోగుల దాకా అందదు. అందుకే 2008 అక్టోబరు నుంచి అక్కడ మంచినీటి నదుల్లో గాలం వేసేవాళ్లు ఫెల్ట్ సోళ్లు వాడకూడదని నియమం పెట్టారు. కొత్త ఫెల్ట్ బూట్లు కొనుక్కుని న్యూజిలాండ్ ప్రయాణం కట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అమెరికాలో 2011లో మేరీలాండ్, వెర్మాంట్ ఫెల్ట్‌ను నిషేధించాయి. 2012లో అలాస్కా, 2018లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు అదే దారి పట్టాయి. అయితే వాదన అంతటితో ఆగలేదు. డిడిమో చాలాచోట్ల ఎప్పటినుంచో ఉన్నదేననీ, నీళ్లలో ఫాస్ఫరస్ బాగా తగ్గినప్పుడే అలా విజృంభిస్తుందనీ తర్వాత పరిశోధకులు వాదించారు. వెర్మాంట్ 2016లో నిషేధం ఎత్తేసింది. ఫెల్ట్ మానేస్తామని 2008లో ప్రకటించిన బూట్ల తయారీ కంపెనీ సిమ్స్ కూడా కొన్నేళ్లకే దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టింది. నా మటుకు నాకు న్యూజిలాండ్ చేసిందే సరైనదనిపిస్తుంది. నదిలోకి ఒకసారి వచ్చిన జీవిని వెనక్కి పంపే దారి లేనప్పుడు ముందుజాగ్రత్తే మిగులుతుంది.

సోలు మారిస్తే అంతా అయిపోదు

న్యూజిలాండ్ నుంచి అమెరికాకు వెళ్లిన వలసజీవి ఒకటుంది, బురద నత్త. 1987లో ఐడహోలోని స్నేక్ నదిలో, 1994లో ఎల్లోస్టోన్ నదుల్లో దాన్ని గుర్తించారు. అక్కడ అది సాధారణంగా బియ్యపు గింజ పొడవుకు మించదు. అక్కడి నత్తల్లో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటాయి కాబట్టి కొత్త నదిలోకి ఒక్కటి చేరినా చాలు. గుల్ల మూత బిగించుకుని తడిగా ఉన్న చోట రోజుల తరబడి బతుకుతాయి. ఇవి ఫెల్ట్‌లోనే కాదు, లేసుల్లోనూ, బూటు నాలుక మడతల్లోనూ, లోపలి అట్ట కిందా నక్కుతాయి. రబ్బరు సోలు వేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు.

రబ్బరు సోలు పర్వతం మీద పుట్టింది

ఫెల్ట్‌కు బదులుగా వచ్చిన సోళ్లలో ఎక్కువగా కనిపించే పేరు విబ్రమ్. ఇటలీ పర్వతారోహకుడు విటాలె బ్రమాని పేరులోంచి వచ్చిందది. 1935లో ఆల్ప్స్‌లోని పుంటా రాసికా దగ్గర ఆయనతో వెళ్లిన బృందంలో ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంచులో, తుఫానులో వాళ్ల పాదరక్షలు పనికిరాలేదు. ఆ దుఃఖంలోంచి ఆయన లోతైన గాడులున్న రబ్బరు సోలును తయారుచేసి 1937లో బయటికి తెచ్చారు. ఇప్పుడు నదుల కోసం మెత్తటి రబ్బరుతో వేరే రకాలు చేస్తున్నారు.

మేకులు గట్టివైనా పట్టుకుంటాయి, మెత్తనివైనా పట్టుకుంటాయి

రబ్బరు సోలుకు చిన్న మేకులు బిగిస్తే పాకుడు మీద పట్టు బాగా పెరుగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మేకు చాలా గట్టిది, జిగురు పొరను చీల్చుకుని రాయిని గీరుతుంది. అల్యూమినియం మేకులూ, పట్టీలూ చేసేది దానికి విరుద్ధమైన పని. లోహం మెత్తన కాబట్టి రాతి గరుకు దానిలోకే దిగుతుంది, పట్టు అక్కడ దొరుకుతుంది. అందుకే అల్యూమినియం త్వరగా అరిగిపోతుంది కూడా. రెండింటికీ ఇబ్బందులున్నాయి. నీళ్లలో రాయి మీద టకటకమని చప్పుడవుతుంది. ఒడ్డున పొడిగా నున్నగా ఉన్న బండ మీద మేకులే జారుస్తాయి. గాలి నింపిన పడవలోకి మేకుల బూట్లతో వస్తానంటే పడవవాడు ఒప్పుకోడు.

ఫెల్ట్‌కు మంచు గిట్టదు

మంచులో నాలుగడుగులు వేస్తే సోలుకు మంచు ముద్దలు అంటుకుని, ఎత్తు మడమల మీద నడిచినట్టవుతుంది. బురద గట్టు ఎక్కేటప్పుడూ, తడి గడ్డి మీదా ఫెల్ట్ జారుతుంది. చాలా దూరం నడిచి నదిని చేరాలంటే రబ్బరే మేలు.

ముందు నది అడుగు చూడాలి, తర్వాతే బూటు

గోదావరి ఇసుక తిన్నెల దగ్గర విసురు వల వేసేవాళ్లు వట్టి కాళ్లతోనే నీళ్లలోకి దిగుతారు. ఇసుక మీద పాకుడు నిలవదు, పాదానికి పట్టు దానంతటదే దొరుకుతుంది. హిమాచల్‌లోని తీర్థన్ లోయలో ట్రౌట్ కోసం దిగితే లెక్క వేరు. అక్కడ గుండ్రాళ్లు, ఉరవడి. అడుగు ఇసుకో చిన్న గులకో అయితే రబ్బరు సోలు సరిపోతుంది. పెద్ద గుండ్రాళ్లూ పాకుడూ ఉంటే మేకులున్న రబ్బరు కావాలి. చట్టం ఒప్పుకునే చోట, ఒకే నదిలో తిరిగేవాళ్లకైతే ఫెల్ట్ ఇప్పటికీ మంచిదే. సోలును విప్పి వేరేది తొడిగే బూట్లు కూడా ఉన్నాయి, అమెరికాలో కార్కర్స్ లాంటి కంపెనీలు వాటిని అమ్ముతున్నాయి.

నీళ్లు నిండిన వేడర్లు ముంచేయవు

వేడర్లంటే నీళ్లలో దిగడానికి వేసుకునే, నడుం పైదాకా వచ్చే నీరుచొరని తొడుగులు. వాటిలోకి నీళ్లు చేరితే రాయి కట్టినట్టు కిందికి లాగేస్తాయని చాలామంది భయం. కానీ మనం నీళ్లలో ఉన్నంతసేపూ లోపలి నీళ్ల బరువు తెలియదు. ఇది చూపించడానికి గాలం వేటలో పేరుపొందిన అమెరికన్ లీ వుల్ఫ్ వేడర్లతోనే వంతెన మీంచి నదిలోకి దూకి ఈదుకుంటూ వచ్చారు. అయినా నడుముకు బెల్టు బిగించుకోవాలి. అది లోపలికి నీళ్లు రాకుండా చాలావరకు ఆపుతుంది, లేచి నడిచేటప్పుడు ఆ నీళ్లే మహా బరువు.

మామూలు చెప్పుల కొలత ఇక్కడ కుదరదు

బూటు లోపల వేడర్ల నియోప్రీన్ మేజోడు కూడా పట్టాలి. కొన్ని కంపెనీలు ముందే ఆ లెక్కతో కుడతాయి, కొన్ని కుట్టవు. మేజోడు తొడుక్కునే వేసి చూడండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక పాదాలు గడ్డకట్టిపోతాయి.

చివరగా ఒక మనవి. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లేటప్పుడు బూట్లకు అంటిన మట్టీ నాచూ ఆ ఒడ్డునే దులిపేయండి. డిడిమో కోసం న్యూజిలాండ్ చెప్పిన పద్ధతి తేలిక: గిన్నెలు తోమే సబ్బు ద్రవాన్ని 5 శాతం కలిపిన నీళ్లలో కనీసం ఒక నిమిషం నానబెట్టాలి, లేదా పూర్తిగా ఆరాక ఇంకో 48 గంటలు వాడకుండా ఉంచాలి. నీళ్లు పీల్చుకునే దళసరి సరుకైతే ఇంకా ఎక్కువసేపు నానాలి. తడి బూట్లతో మరో నదిలో అడుగు పెట్టకండి.