పాత లారీ కొనేముందు గేరుబాక్సు మాట వినండి

నామక్కల్, సంకగిరి ప్రాంతాలలో లారీనే నమ్ముకొన్న కుటుంబాలు ఎన్నో. ఇంటి నగలు కుదువబెట్టి పాత లారీ కొనేవారు రంగు, టైర్లు, ఇంజను చూచి బేరం కుదుర్చుకొంటారు. గేరుబాక్సు సంగతి అడిగేవారు తక్కువ. అది చెడితే బండి షెడ్డులో, వాయిదా నెత్తిమీద!

డీజిలు ఇంజను తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది. ఆ బరువంతా మోయవలసినవి గేరు పళ్లు, బేరింగులే.

బండి నిలిపి, న్యూట్రలులో ఇంజను నడిపించి, క్లచ్చి వదలి వినండి. గుర్రుమనే మోత క్లచ్చి తొక్కగానే ఆగితే గేరుబాక్సు ముందు బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడే మోత వస్తే దోషం క్లచ్చి బేరింగుది.

పిమ్మట పల్లంలో యాక్సిలరేటరు వదలి చూడండి. గేరు తనంతట జారితే లోపల అరుగుదల ఉన్నట్లే. ఘాటురోడ్డులో అలా జారితే ఇంజను పట్టు పోయి బ్రేకులే దిక్కు.

ఆయిలు తీయించి చూడండి. సన్నని ఇనుప పొడి సహజం. పెచ్చులు కనిపిస్తే బేరం మానుకోండి.

ప్రతి గేరూ వేసి చూడాలి. అమెరికాలో 1994 నుండి కమిన్స్ డీజిలుతో వచ్చిన డాడ్జి రామ్ బండ్లలో, ఎన్.వి. 4500 గేరుబాక్సుకు ఐదవ గేరు నట్టు వదులయ్యే జబ్బుండేది. తక్కిన గేర్లు పనిచేస్తున్నా ఐదవది పోయేది. పై గేరులో ఇంజనును ఈడ్పించి నడిపితే ఆ జబ్బు ముదిరేది.

బేరానికి తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని వెళ్లండి. ఆయన కూలి ఒక్క పూటది. మన వాయిదాలు ఏళ్లతరబడివి.