బురుజుకు ఎన్ని బారలు?

బైరాన్‌పల్లి బురుజు చుట్టుకొలత ఎంత? ధూళిమిట్ట మండలంలోని నాలుగో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న వేసి బురుజు దగ్గరికి తీసుకెళ్లండి. టేపు వద్దు, వాళ్ల చేతులు చాలు. ఒకడు గోడకు ఛాతీ ఆనించి రెండు చేతులూ బార చాపుతాడు. వాడి వేలికొస దగ్గర ఇంకొకడు మొదలుపెడతాడు. అట్లా చుట్టూ తిరిగి వచ్చేసరికి ఒక జట్టుకు ఒక లెక్క తేలుతుంది, రెండో జట్టుకు ఇంకో లెక్క. ‘మీ బారలు పొట్టియి, అందుకే ఎక్కువచ్చినయ్’ అని ఒకరంటారు. ‘మీరే నడుమ జాగ ఇడిచిపెట్టిన్రు’ అని ఇంకొకరు. సారు ఆ కొట్లాటను వెంటనే ఆపకూడదు. అందరికీ ఒకటే బార ఉంటే ఈ తగాదా ఉండదు గదా అని ఎవరో ఒకరు అనేదాకా ఆగాలి. మీటరు ఎందుకు పుట్టిందో ఆ క్షణంలో తెలిసినట్టు నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా తెలియదు.

ఇలాంటి చదువును కలగన్న గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా తొలుత వకీలు. బడి పెట్టాక పిల్లలు ఆయన్ను ‘మీసాల అమ్మ’ అని పిలుచుకునేవారు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో ఒక మాస్టారు విద్యాధికారి దగ్గరికెళ్లి అడిగేది ఒక్కటే: నాలుగో తరగతిని ఒక ఏడాది నాకు వదిలిపెట్టండి. ధూళిమిట్ట పరిసరాల్లో ఒక తరగతికి అలాంటి ఏడాది దొరికితే ఎలా గడవాలి? జూన్ 12న బడి తెరిచిన నాటి నుంచి ఏప్రిల్ 23న మూసేదాకా ఎక్కడెక్కడికి పోవాలి, చేతులతో ఏమేం చేయాలి? ఈ కథనం అలాంటి ఏడాదికి వేసిన బాట.

మొదటి ప్రయాణానికి బస్సు కూడా అక్కర్లేదు. వానాకాలం మొదట్లో ఊరి చెరువు కట్ట మీదికి నడిచిపోతే చాలు. తూము ఎక్కడుంది, మత్తడి ఎటు దుంకుతుంది, షికం భూమి అంటే ఏది, నీళ్లు వదిలే నీరటి ఎవరు? ఈ మాటలు ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు, పాఠ్యపుస్తకంలో ఉండవు. కట్ట పక్కన నీళ్లలో ఒక కర్ర పాతి, నెలకోసారి వెళ్లి నీటిమట్టం గీత గీసుకుంటే చలికాలానికల్లా తరగతి గోడ మీద సొంత గ్రాఫు తయారవుతుంది. పేరులోనే ధూళి, మిట్ట ఉన్న ఊరి పిల్లలకు నీళ్ల లెక్క కన్నా దగ్గరి పాఠం ఏముంటుంది?

ఆగస్టు 27 వస్తుంది. బారలతో కొలిచిన బురుజు దగ్గరికి రెండోసారి పోవాల్సిన రోజది. 1948లో ఆ రోజునే రజాకార్లు, నిజాం బలగాలు బైరాన్‌పల్లి మీద పడ్డాయి. అంతకుముందు దాడులను ఊరివాళ్లు ఒడిసెలలతో, నాటు తుపాకులతో తిప్పికొట్టారు. ఆ రోజు మాత్రం ఆపలేకపోయారు. ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చి చంపారు. పక్కనున్న కూటిగల్ మీదా దాడి జరిగింది. తొమ్మిదేళ్ల పిల్లలకు ఇదంతా చెప్పాలా? చెప్పాలనే నా గట్టి అభిప్రాయం. నెత్తుటి వివరాలు వద్దు. కానీ ఊరు ఎందుకు ఎదురుతిరిగింది, బురుజు ఎందుకు అవసరమైంది, అమరుల స్తూపం మీద ఎవరి ఇంటిపేర్లున్నాయి అన్నవి దాచొద్దు. ఆ ఇంటిపేర్లలో కొన్ని తరగతి హాజరుపట్టీలోనూ ఉండొచ్చు. తిరిగొచ్చాక క్యాలెండరు తీసి ఒక లెక్క చేయించాలి: ఆగస్టు 27 తర్వాత ఎన్ని రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం పాలన ముగిసింది? ఇరవై ఒకటి. ఆ అంకె చెప్పాక పిల్లలు కాసేపు మాట్లాడరు. ఆ మౌనాన్ని మాస్టారు వెంటనే ఇంకో ప్రశ్నతో చెరపకపోతే మంచిది.

బతుకమ్మ సెలవులకు ముందు గునుగు, తంగేడు, కట్ల, సీతజడ తెచ్చి రెక్కలు లెక్కపెట్టడం, ఏది చెలకలో పెరిగింది, ఏది పెరట్లోది అని వేరుచేయడం ఏ టీచరమ్మకైనా తెలిసిన పనే. దాన్ని ఇక్కడ విప్పి చెప్పక్కర్లేదు.

చేర్యాల ప్రయాణం మాత్రం తొందరపడి చేసేది కాదు. అక్కడి నకాషీ చిత్రకారుల ఇంటికి పోయి గుడ్డ మీద కథలు గీసిన పటాలు చూసి, ఫొటో దిగి వస్తే అది విహారమే తప్ప పాఠం కాదు. పోవడానికి పదిహేను రోజుల ముందే పని బడిలో మొదలవ్వాలి. పిల్లలంతా ఇంటి నుంచి చింతగింజలు తేవాలి. అష్టాచెమ్మలో పందెం వేసే ఆ గింజలనే నానబెట్టి, పొట్టు తీసి, నూరి, నీళ్లలో ఉడికిస్తే బంక తయారవుతుంది. సుద్దమట్టి, గంజి, ఆ బంక కలిపి నూలు గుడ్డకు పట్టించాలి. ఆరనివ్వాలి. మళ్లీ పట్టించాలి, మళ్లీ ఆరనివ్వాలి. తొందరపడిన జట్టు గుడ్డ ఎండాక బీటలు వారుతుంది. మూడుసార్లు పూత పడ్డ గుడ్డ మీద వేలు ఆనిస్తే గోడలా తగులుతుంది. ఆ గుడ్డను చంకన పెట్టుకుని చేర్యాల పోయిన పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి: ‘మాది పగిలింది, మీది ఎందుకు పగుల్తలేదు?’ చిత్రకారుడు కూడా సందర్శకుడికి చెప్పినట్టు కాకుండా పనివాడికి చెప్పినట్టు చెప్తాడు. ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ ఎట్లా నడుస్తుందో, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం ఎందుకు వేరువేరుగా గీశారో, ఆ పటం విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు ఊరూరా ఎట్లా తిరిగారో అక్కడ తెలుస్తుంది. తరగతిలో ఆ కులాల పిల్లలందరూ పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి కథ వాళ్లే కాకుండా ఒకరి కథ ఇంకొకరు చెప్పేలా చూడటం మాస్టారి పని.

సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతర. అక్కడ ‘పట్నం’ అని వేసే ముగ్గులో పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి గీతలుగా పడుతుంటే జ్యామితి కళ్ల ముందే నడుస్తుంది. జనం తక్కువుండే రోజు చూసుకుని పోవాలి.

తర్వాత మల్లన్నసాగర్ జలాశయం. అక్కడికి పోయే ముందు అట్టతో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు పెట్టె చేయించండి. లోపల ప్లాస్టిక్ కవరు పరిచి లీటరు సీసాతో నీళ్లు పోస్తే ఇరవై ఎనిమిది సీసాలకు నిండుతుంది. అలాంటి పెట్టెలు వంద కోట్లయితే ఒక టీఎంసీ. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ జలాశయం సామర్థ్యం 50 టీఎంసీలు. అయితే కట్ట మీద నిలబడి నీళ్లు చూపించి ఊరుకోకూడదు. ఆ నీళ్ల కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు ఉన్నాయి. అక్కడి పిల్లల ఆటస్థలాలు ఇప్పుడు ఏమయ్యాయన్న ప్రశ్న ఈ తరగతికి కచ్చితంగా తట్టాలి.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకాన్ని టీచర్లు ‘ఆపెప్’ అనేవారు. 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై 1989 తర్వాత రాష్ట్రమంతటా విస్తరించింది. దాని ఆరు సూత్రాల్లో చేసి నేర్చుకోవడం ఒకటి, ఊరి పరిసరాలను వాడుకోవడం ఇంకొకటి, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం మరొకటి. ఆ రోజుల్లో తరగతి గోడకు సుతిలి కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసిన బళ్లు నాకు బాగా గుర్తు. పథకం పోయాక చాలాచోట్ల సుతిళ్లూ పోయాయి. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం చదవడం, లెక్క చేయడం మీద దృష్టి పెట్టింది. అది అవసరమే. కానీ నీటిమట్టం రాసుకునే పిల్ల కూడా చదువుతూనే, లెక్క చేస్తూనే ఉంది. 2023-24లో ప్రతి నెలా నాలుగో శనివారాన్ని బ్యాగు లేని రోజుగా పెట్టినప్పుడు చేతికి పది శనివారాలు వచ్చాయి. నేను చెప్పిన ఏడాదికి పది శనివారాలు చాలు.

అడ్డంకులు చిన్నవని చెప్పను. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు నాలుగో తరగతితో బయటికి పోతే మిగతా నాలుగు తరగతులు ఒక్కరి మీద పడతాయి. బస్సు కిరాయి ఉంటుంది. ఆడపిల్లను పంపడానికి తల్లికి బెరుకు ఉంటుంది. అందుకే దగ్గరివి ముందు, దూరానివి తర్వాత. తల్లుల్లో ఇద్దరు వెంట రావాలి. వాళ్లు కాపలాకే కాదు, చెరువు దగ్గర పాఠం చెప్పేది కూడా వాళ్లే.

ఏప్రిల్‌లో, బడి మూసే ముందు, ఆ పూత పూసిన గుడ్డలన్నీ కుట్టి ఒక పొడుగాటి పటం చేయాలి. మొదటి గడిలో చెరువు, తర్వాత బురుజు, చుట్టూ చేతులు చాపిన పిల్లలు. తల్లిదండ్రులను పిలిచి, చుట్ట విప్పుకుంటూ గడికొకరు లేచి కథ చెప్పాలి. ముందు వరసలో కూర్చున్న ఒక నానమ్మ మొదటి గడిలోనే ఆపాలి: ‘మత్తడి గా దిక్కు కాదు బిడ్డా, తూర్పుకుంటది. మల్ల గియ్యిన్రి.’