నష్టం వచ్చినా వదలనిదే విలువ

మనిషి తన నిర్ణయాలకు ఆధారంగా పెట్టుకునే సూత్రాలే వ్యక్తిగత విలువలు. నిజాయితీ, స్వేచ్ఛ, కుటుంబ బాధ్యత, పనితనం, దయ, జ్ఞానతృష్ణ వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. లక్ష్యానికి, విలువకు తేడా ఉంది. లక్ష్యం చేరితే ముగుస్తుంది, విలువను బతికున్నన్నాళ్లూ ఆచరించాలి. ఇల్లు కట్టుకోవడం లక్ష్యం. ఎవరి సొమ్మూ ఎగ్గొట్టకుండా కట్టుకోవడం విలువ.

అమెరికన్ మనస్తత్వవేత్త మిల్టన్ రోకీచ్ 1973లో విలువలను రెండు జాబితాలుగా విడదీశారు. జీవితంలో సాధించదలచినవి 18, నడవడికకు సంబంధించినవి 18. వాటిని ప్రాధాన్య క్రమంలో పేర్చమని మనుషులను అడగడం ఆయన పద్ధతి. మరో మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో పది మౌలిక విలువలను ఒక వలయంగా అమర్చి చూపారు. అందులో పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి తోడ్పడతాయి, ఎదురెదురుగా ఉన్నవి తరచూ ఢీకొంటాయి. సొంత విజయం, తోటివారి మేలు అలా ఎదురెదురుగా ఉంటాయి. మంచివన్నీ ఒకేసారి పాటించడం అన్నివేళలా కుదరదు కాబట్టే ఎంపిక అవసరమవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్‌లో ఈ ఘర్షణను తేలిగ్గా ఊహించుకోవచ్చు. చార్మినార్ నుంచి పడమరగా సాగే ఈ వీధి లక్క గాజులకు ప్రసిద్ధి. చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే పదార్థాన్ని శుద్ధి చేసి, నిప్పుల సెగపై మెత్తబరిచి, రంగు కలిపి, గాజుగా వంచుతారు. ఆపైన రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఆ ముద్ర వస్తువు పుట్టుకను, తయారీని కాపాడుతుందే తప్ప, కొట్టు ముందు జరిగే ప్రతి మాటనూ కాపాడలేదు. పెళ్లిళ్ల రోజుల్లో కొనడానికి వచ్చినవారు చవక నకలును చూపించి ఇది లక్కేనా అని అడిగితే, నిజం చెప్పిన వ్యాపారికి బేరం పోవచ్చు. అతని మీద ఆధారపడిన కార్మికుల కూలీ కూడా చిన్న విషయం కాదు. సంపాదన, నిజాయితీ రెండూ విలువలే. ఏది ముందో అతను అప్పటికే తేల్చుకుని ఉంటే జవాబుకు తడబడడు.

విలువలను తేల్చుకోవడానికి సొంత గతాన్ని పరిశీలించడం మంచి మార్గం. ఏ నిర్ణయం తలచుకుంటే ఇప్పటికీ తృప్తి కలుగుతుంది, ఏది మనసును పీడిస్తుంది, డబ్బూ సమయమూ నిజంగా దేనికి ఖర్చవుతున్నాయి అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. పెద్దల నుంచి వచ్చిన విలువలనూ అలాగే తరచి చూడాలి. ఎవరూ మెచ్చుకోకపోయినా, ఎవరికీ తెలియకపోయినా పాటించాలనిపించేవే సొంతం. ఇరవై పేర్ల జాబితా కష్టకాలంలో దారి చూపదు. మూడు నుంచి ఐదు వరకు చాలు.

ఎంచుకున్న ప్రతి విలువకూ ఒక ఆచరణ ఉండాలి. నిజాయితీ అని రాసుకుని ఊరుకోకుండా, అడగకపోయినా సరుకులో లోపం చెబుతాను అని రాసుకోవాలి. కుటుంబం ముఖ్యమనుకుంటే, రోజులో ఏ వేళ ఇంటివారిదో నిర్ణయించుకోవాలి. ఆచరణగా మారని విలువ ఆశయంగానే మిగిలిపోతుంది.

విలువకు అసలు పరీక్ష దానికి చెల్లించాల్సిన మూల్యం. హైదరాబాద్ చరిత్రలో పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ జీవితం ఇందుకు నిదర్శనం. ఆయన పనిచేసిన తేజ్, రయ్యత్ పత్రికలను నిజాం ప్రభుత్వం నిషేధించింది. అయినా ఆయన కలం ఆపలేదు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రికకు సంపాదకుడిగా, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు, హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాశారు. 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. నిర్భయంగా నిజం రాయడం ఆయనకు ప్రాణం కంటే ముందు నిలిచింది. అందరికీ అంతటి పరీక్ష ఎదురుకాదు. పోయిన బేరం, తప్పిన పదోన్నతి, దూరమైన స్నేహం వంటి చిన్న నష్టాలే చాలామందికి ఎదురవుతాయి. వాటిలో దేన్ని భరించడానికి సిద్ధమో ముందే ఆలోచించుకున్నవారి ఎంపిక గట్టిగా నిలుస్తుంది.

పెళ్లి, పిల్లలు, ఉద్యోగ విరమణ, ఆత్మీయుల మరణం వంటి మలుపుల్లో ప్రాధాన్యాలు మారడం సహజం. అప్పుడు జాబితాను మళ్లీ చూసుకోవాలి. అయితే అనుభవం నేర్పినందువల్ల మార్చుకోవడం వేరు, కష్టం వచ్చిందని విడిచిపెట్టడం వేరు. మార్చే ముందు ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తనను తాను అడిగి తేల్చుకోవాలి.