జొల్లు ఆగని బిడ్డకు ఆపరేషన్ ఎప్పుడు?

మన సొసైటీ తరఫున ప్రొద్దుటూరులో వీల్‌చైర్ల దరఖాస్తులు రాయించుకుంటున్న రోజు, జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక తల్లి దరఖాస్తు సంగతి పక్కన పెట్టి మమ్మల్ని వేరే మాట అడిగింది. “సార్, వీనికి తొమ్మిదేండ్లు. పొద్దస్తమానం జొల్లు కారతానే ఉంటాది. నా దుపట్టా తడిసిపోతాది. ఆ బట్టతో నమాజు చదివితే చెల్లుతాదా?”

మనిషి ఎంగిలి నాపాక్ కాదని ఉలమాలు చెప్పే మాటే ఆమెకు చెప్పాము. ప్రవక్త (స) తమ మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేసిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. ఆమె మనసు కుదుటపడింది. “దీనికి ఆపరేషన్ ఉందంట, నిజమేనా?” అన్న రెండో ప్రశ్నకు మాత్రం అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. తర్వాత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో లాలాజలం ఎక్కువ ఊరుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది నిజం కాదు. పెద్దవాళ్లకు రోజుకు సుమారు ఒక లీటరు ఊరుతుంది, మనకు తెలియకుండానే మింగేస్తాము. ఈ పిల్లలకు పెదవులు సరిగా మూతపడవు, నాలుక వెనక్కి నెట్టదు, తల ముందుకు వాలిపోతుంది, మింగాలన్న ఆదేశం మెదడు నుంచి సకాలంలో అందదు. అందుకే బయటికి కారుతుంది. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు కోరిక తీరలేదనో, దిష్టి తగిలిందనో చెప్పే మాటలకు ఇందులో చోటు లేదు. మామూలు పిల్లలకు కూడా రెండేళ్ల దాకా కారడం సహజమే. నాలుగేళ్లు దాటినా ఆగకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇది చిన్న విషయం కాదు. గడ్డం కింద చర్మం ఒరిసిపోతుంది, వాసన వస్తుంది, పుస్తకాలు పాడవుతాయి. మా తరగతిలో ఇలాంటి అబ్బాయి ఒకడుండేవాడు. పక్కవాళ్ల నోటుపుస్తకాలు తడుస్తాయని వాణ్ని చివరి బెంచీకి పంపింది మేమే. వాడు ఏడాదంతా బోర్డు సరిగా చూడలేదన్న సంగతి పరీక్షలప్పుడు గానీ మాకు తెలియలేదు.

ఆపరేషన్ కన్నా ముందు చేయవలసినవి ఉన్నాయి. కూర్చునే తీరు సరిచేయాలి. పుచ్చిన పళ్లు, ముక్కు దిబ్బడ ఉంటే వాటికి వైద్యం చేయించాలి. ఫిట్స్‌కు వాడే క్లోబజామ్, క్లోనజిపామ్ వంటి మందులు జొల్లును పెంచగలవు. అలాగని మనంతట మనం ఆపకూడదు, డాక్టరును అడగాలి. మింగడం, పెదవులు మూయడం నేర్పే థెరపీ కొందరికి బాగా పనిచేస్తుంది. మీ మండలంలోని భవిత కేంద్రానికి థెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కోండి.

లాలాజలాన్ని తగ్గించే మందులు కూడా ఉన్నాయి. గ్లైకోపైరోలేట్ అలాంటిదే. 3 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఈ అవసరం కోసమే అమెరికాలో 2010లో అనుమతి ఇచ్చారు. మలబద్ధకం, మూత్రం బిగియడం వంటి ఇబ్బందులు రావచ్చు. ఇంకొక ప్రమాదం మన కడప ఎండలకు సంబంధించినది. ఈ మందులు చెమటను కూడా తగ్గిస్తాయి. మే నెలలో రేకుల కప్పు కింద పడుకునే బిడ్డకు ఒళ్లు కాలిపోయేంత వేడి ఎక్కవచ్చు. గ్రంథుల్లోకి బొటులినమ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది గానీ, దాని ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది, మళ్లీ మళ్లీ వేయించాలి.

ఇవేవీ ఆశించినంత పనిచేయనప్పుడే ఆపరేషన్. మింగే శక్తి వయసుతో మెరుగుపడుతుంది కాబట్టి సాధారణంగా ఐదారేళ్లు దాటే దాకా ఆగుతారు. మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు ఒకటి, దవడ కింద ఒకటి, నాలుక కింద ఒకటి. తిననప్పుడు ఊరేదాంట్లో ఎక్కువ భాగం దవడ కింది గ్రంథులదే. వాటి గొట్టాలు ముందు పళ్ల వెనకే తెరుచుకుంటాయి, అందుకే బయటికి జారుతుంది. ఆ గొట్టాల నోళ్లను వెనక్కి, టాన్సిల్స్ దగ్గరికి మార్చి కుట్టడం ఒక పద్ధతి. అప్పుడు లాలాజలం నేరుగా గొంతులోకి పోతుంది. తర్వాత వాపు తిత్తి రాకుండా నాలుక కింది గ్రంథులను చాలాచోట్ల అప్పుడే తీసేస్తారు. కెనడా సర్జన్ విల్కీ 1967లో చెవి ముందరి గొట్టాలను వెనక్కి మార్చే పద్ధతిని, స్వీడన్‌కు చెందిన ఎకెడాల్ 1974లో దవడ కింది గొట్టాలను మార్చే పద్ధతిని ప్రచురించారు.

కానీ ఇది అందరికీ పనికిరాదు. తినేటప్పుడు పొలమారే బిడ్డకు, తరచూ న్యుమోనియా వచ్చే బిడ్డకు లాలాజలాన్ని గొంతులోకి మళ్లిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటివారికి దవడ కింది గ్రంథులను తీసేయడం, చెవి ముందరి గొట్టాలను కట్టేయడం వంటివి ఆలోచిస్తారు. మెడ మీద కోత మచ్చ ఉంటుంది, కింది పెదవిని కదిపే నరం దెబ్బతినే అవకాశం కొంత ఉంటుంది. నోరు ఎండి పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి రోజుకు రెండుసార్లు తోమించక తప్పదు. గొట్టాలను కట్టేసి వదిలే చిన్న ఆపరేషన్‌లో కొందరికి జొల్లు తిరిగి మొదలవుతుంది. ఏ పద్ధతైనా పూర్తి మత్తు ఇవ్వాలి. కారడం తగ్గుతుందే తప్ప నడక, మాట మారవు. ఈ మాట ముందే తెలియక తర్వాత బాధపడిన తల్లిదండ్రులున్నారు.

ఈ ఆపరేషన్ ప్రతి ఆస్పత్రిలోనూ చేయరు. ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ ముందుగా పిల్లల డాక్టరుకు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, వారి ఉత్తరంతో కడప రిమ్స్‌కో, తిరుపతికో, వెల్లూరు సీఎంసీకో పోవడం మంచిది. సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి: ఇలాంటి పిల్లలకు ఎంతమందికి చేశారు, మా బిడ్డ మింగుడును పరీక్షించారా? ఖర్చు సంగతి ఆస్పత్రిలోని ఆరోగ్య మిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడిచే నిరామయ బీమాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చుకు వీలుంది. వికలాంగ ధృవపత్రం లేనివారు ముందు అది తీసుకోవాలి. బస్సు చార్జీలకు, అక్కడ ఉండే రోజులకు జకాత్‌కు అర్హులైన కుటుంబాలు మన సొసైటీని అడగవచ్చు.

పోయే ముందు పది రోజుల పాటు రోజుకు ఎన్ని గుడ్డలు మార్చారో, ఎన్నిసార్లు పొలమారిందో రాసుకోండి, డాక్టరుకు అది చాలా ఉపయోగం. జమ్మలమడుగు తల్లికి చదువు రాదు. ఆమె గోడ క్యాలెండర్ మీద గుడ్డకొక గీత గీస్తోంది, పొలమారితే చుక్క పెడుతోంది. మొన్న తెచ్చి చూపించింది: గీతలు రోజుకు పదికి తగ్గలేదు, చుక్కలు కూడా చాలానే ఉన్నాయి. ఆ చుక్కల సంగతి డాక్టరుకు మొదట చెప్పమన్నాము.