ఆట నడిపే మనిషి ఎందుకు అలసిపోతాడు?

1974లో అమెరికాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు విషయాలు వెలుగు చూశాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట అమ్మకానికి వచ్చింది. న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ‘బర్నవుట్’ అనే స్థితిని వర్ణిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. అర్ధ శతాబ్దం గడిచాక ఆ రెండూ ఒకే బల్ల దగ్గర కలుసుకుంటున్నాయి.

ఆ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడతారు. గేమ్ మాస్టర్ మాత్రం మిగతా లోకమంతా తానే అవుతాడు. కోటలోని రాజు, దారికాచే దొంగ, కూలిపోయే వంతెన, అన్నీ అతడే. ఆటగాళ్లు ఏం చేస్తారో ముందే తెలియదు. 20 ముఖాల పాచిక ఏం చెబుతుందో అసలే తెలియదు. అయినా కథ ఆగకూడదు.

సూరత్‌లోని లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఇంటి కుర్రాడొకడు బట్టల మార్కెట్‌లో వారమంతా లెక్కలు చూసి, ఆదివారం స్నేహితులకు ఈ ఆట నడుపుతున్నాడనుకుందాం. శనివారం రాత్రంతా పటాలు గీస్తాడు. ఎవరు వస్తారో, ఎవరు రారో ఫోన్‌లో అడుగుతూనే ఉంటాడు. మిగతావాళ్లు లోచో పొట్లాలు పట్టుకుని వచ్చి కూర్చుంటారు. కొన్ని నెలలకు ఆదివారం వస్తోందంటేనే అతడికి గుండె బరువెక్కుతుంది.

క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో ప్రచురించిన కొలమానం బర్నవుట్‌ను మూడు ముఖాలుగా చూస్తుంది. ఒకటి, భావోద్వేగాలు హరించుకుపోవడం. రెండు, ఎదుటివారిని మనుషుల్లా కాక భారంలా చూడటం. మూడు, తాను చేసేదానికి విలువ లేదనిపించడం. ఆటగాడు నవ్వుతూ అడిగిన ప్రశ్నకు కూడా గేమ్ మాస్టర్‌కు చిరాకు పుడితే, అది రెండో ముఖాన్ని తలపిస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నవుట్‌ను జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే పేర్కొంది. జీవితంలోని ఇతర రంగాలకు ఆ మాట వాడొద్దంది కూడా. కచ్చితంగా చూస్తే గేమ్ మాస్టర్ అలసటకు ఆ పేరు చెల్లదు. కానీ ఫ్రాయిడెన్‌బర్గర్ మొదట గమనించినవారిలో ఉచిత వైద్యశాలలో ఇష్టంతో సేవ చేసే స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. జీతం లేని పని మనిషిని అలసటకు గురిచేయదన్న భ్రమను ఆ పత్రమే తొలగించింది.

నిర్ణయాలు తీసుకుంటూ పోతే సంకల్పబలం ట్యాంకులో నీళ్లలా తరిగిపోతుందనే వివరణ బాగా ప్రచారంలో ఉంది. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలకు పైగా వ్యక్తులతో పరీక్షించినప్పుడు ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. దానికంటే గట్టి ఆధారం ఉన్నది పనిచేసే జ్ఞాపకశక్తికున్న హద్దు విషయంలో. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది సుమారు నాలుగు అంశాలనే అని నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. అయిదుగురు ఆటగాళ్లు, పది పాత్రలు, ఒక నిబంధనల పుస్తకం... లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క మన కథకులకు కొత్తేమీ కాదు. పద్మశాలీలకు భావనారుషి కథ చెప్పే కూనపులివారు చేర్యాల పటాన్ని వేలాడదీసి, బొమ్మ తర్వాత బొమ్మ చూపుతూ కథ నడుపుతారు. వరుస పటం మీదే ఉంటుంది కాబట్టి దాన్ని తల మోయనక్కర్లేదు. జ్ఞాపకాన్ని బయటి వస్తువుకు అప్పగించడం అంటూ నేటి మనస్తత్వ శాస్త్రం చెప్పేది ఇలాంటి పద్ధతి గురించే. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుంటారు. కథకుడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. గేమ్ మాస్టర్ కూడా నిబంధనలు వెతికే పని ఒకరికి, గత వారం కథ చెప్పే పని మరొకరికి, తేదీ కుదిర్చే పని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఈ మూడో పని అప్పగించడమే బహుశా అన్నిటికంటే పెద్ద ఉపశమనం.

విరామం తీసుకోవడంలోనూ తేడాలున్నాయి. జర్మనీకి చెందిన సబీన్ సోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో కోలుకునే అనుభవాలను నాలుగుగా విభజించారు: పని నుంచి మనసు తెగిపోవడం, సేదతీరడం, కొత్తది నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. ఆట మానేసి రోజంతా తర్వాతి ఘట్టం గురించే ఆలోచిస్తే మొదటిది దొరకదు. కెనడాలో రాబర్ట్ వల్లెరాండ్ బృందం 2003లో అభిరుచిని రెండు రకాలుగా చూపింది. మొదటి రకం జీవితంలో ఇమిడిపోతుంది. రెండోది మనిషినే లాక్కుపోతుంది, ఆపాలనుకున్నా ఆపనివ్వదు. ‘నేను నడపకపోతే ఈ గుంపు చెదిరిపోతుంది’ అనే మాట వినిపిస్తే రెండోదాన్ని అనుమానించాలి.

నిద్ర పట్టకపోవడం, ఆటే కాదు దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది కుంగుబాటు కావచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అంతదాకా రానివారికి తేలికైన దారి ఒకటుంది. నెల రోజులు మరొకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే పూటలో ముగిసే చిన్న కథ నడపమనడం. పాత గేమ్ మాస్టర్ ఒకే ఒక్క పాత్రతో, ఒకే పాచికతో బల్లకు అవతలి వైపు కూర్చుంటాడు. వంతెన కూలుతుందో లేదో ఈసారి అతడికీ తెలియదు.