పాతపంటల జాతర

జాతర యనగానే ఆటపాటలును విందును మనకు స్ఫురించును. ఆ మూడింటిని విత్తన సంరక్షణమునకు వినియోగించిన విధమును సభ్యులకు తెలుపగోరుచున్నాము.

తెలంగాణములో జహీరాబాదు చెంత పస్తాపూరున 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యేర్పడినది. దాని మహిళా సంఘములలో పెక్కురు కొద్దిపాటి మెట్టభూమిగల దళిత స్త్రీలు. వీరు సంక్రాంతి మొదలు సుమారొక నెల పాతపంటల జాతర జరుపుదురు. అలంకరించిన యెడ్లబండ్లపై జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగు విత్తనముల నుంచి, పాటలతో ఊరూర త్రిప్పుదురు. చిరుధాన్యముల వంటకములు వడ్డింతురు.

దీనివలన ప్రయోజనమేమి? మెట్టపొలమున నొక్క పైరునే నమ్మినచో వర్షము తప్పిన యేడు సర్వమును పోవును. పలు పైర్లు కలిపి వేసిన నేదో యొకటి నిలుచును. కాని యన్నివిధముల విత్తు దొరకవలయును గదా! కరవునాడు ఒక యింటి గింజలు ఆకలికి ఖర్చయినను, పొరుగూరి గాదెలో మిగిలి యుండవచ్చును. ఎవరియొద్ద నేది కలదో జాతరలో తెలియును. సంఘమునుండి విత్తనము తీసికొన్నవారు పంట వచ్చిన పిమ్మట హెచ్చుగ తిరిగి యిత్తురు. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచు నేర్పును ఇట్లే వ్యాపించును. విందును వ్యర్థము కాదు. రుచి మరచిన ధాన్యమును విత్తువా రుండరు.

2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

మన సంఘములు జాతర చేయదలచినచో, పందిరికంటె ముందు విత్తనము సమకూర్చవలెను. ప్రతి సభ్యుడును ఇంటనున్న పాతవిత్తు సోలెడు తెచ్చి, దాని పేరును, విత్తు కార్తెయు, తగిన నేలయు సంఘపు పుస్తకమున వ్రాయించవలెనని కోరుచున్నాము. తప్పెటలు ఆ పిమ్మట మ్రోగవచ్చును.