బోణీ కాని రోజున

మార్కెట్ మందగిస్తే ముందుగా తెలిసేది చిన్న దుకాణదారుడికే. 2008లో అమెరికా బ్యాంకులు కుప్పకూలినప్పుడూ, 2020లో కరోనా లాక్‌డౌన్ నాడూ ఆ దెబ్బ మన బజార్ల దాకా వచ్చింది. అద్దె ఆగదు, వడ్డీ ఆగదు, పిల్లల ఫీజులు ఆగవు. గిరాకీ ఒక్కటే ఆగిపోతుంది. పొద్దుటి నుంచి బోణీ లేక కూర్చున్నవాడి దగ్గరికి ఒకామె వచ్చి, పది చీరలు తీయించి, ధర విని, ‘మళ్లీ వస్తానండీ’ అంటూ లేచిందనుకోండి. ‘కొనేటట్టయితేనే అడగాలమ్మా’ అనే మాట నోటిదాకా వస్తుంది. విశ్వాసికి పరీక్ష అక్కడే. ఆదివారం ఆరాధనలో పాడిన నోరు సోమవారం కొట్లో ఏం మాట్లాడుతుందో లోకం గమనిస్తుంది.

అమెరికాలో జె.సి. పెన్నీ అనే వ్యాపారి ఉండేవాడు. తండ్రి బాప్టిస్టు బోధకుడు. 1902లో వయోమింగ్ రాష్ట్రంలో కెమ్మెరర్ అనే బొగ్గుగనుల ఊళ్లో భాగస్వాములతో కలిసి కొట్టు తెరిచాడు. దాని పేరు ‘గోల్డెన్ రూల్’, అంటే సువర్ణ నియమం. ఇతరులు మనతో ఎలా ఉండాలని కోరుకుంటామో మనమూ వారితో అలాగే ఉండాలని ప్రభువు కొండమీది ప్రసంగంలో నేర్పిన నియమమది (మత్తయి 7:12). ఆ కొట్టు వందలాది దుకాణాలుగా పెరిగింది. అయితే 1929లో స్టాక్ మార్కెట్ కూలిపోయాక పెన్నీ సొంత ఆస్తి పోగొట్టుకున్నాడు. ఆరోగ్యం చెడి బ్యాటిల్ క్రీక్‌లోని శానిటోరియంలో చేరాడు. అక్కడి చాపెల్‌లో ఒక ఉదయం వినిపించిన కీర్తన తనకు తిరిగి ధైర్యమిచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చి, 95 ఏళ్లు జీవించి 1971లో కన్నుమూశాడు.

నమ్మకంగా ఉంటే నష్టం రాదని ఈ కథకు అర్థం కాదు. ఆయన స్థాపించిన సంస్థే 2020లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. సువార్త లాభానికి హామీపత్రం రాసివ్వదు. గల్లాపెట్టె ఖాళీగా ఉన్న రోజున కూడా దేవుని దృష్టిలో మన విలువ తగ్గదని చెబుతుంది. ఆ నెమ్మది ఉన్నవాడికి ఎదుట నిలబడినవారు మనుషులుగా కనిపిస్తారు.

ఆ చీరలు చూసినామెదీ అదే మాంద్యం. భర్త జీతం సగమై ఉండవచ్చు. ధర విని లేచేటప్పుడు ఆమెకూ చిన్నతనంగానే ఉంటుంది. ‘మీ బడ్జెట్ చెప్పండమ్మా, అందులోనే మంచివి చూపిస్తాను’ అనే ఒక్క మాట ఆమె గౌరవాన్ని నిలబెడుతుంది. మన దగ్గర లేకపోతే దొరికే కొట్టు చెప్పి పంపండి.

కష్టకాలంలో మరో శోధన కాటా దగ్గర వస్తుంది. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి తూకపు రాళ్లు ఉంచుకోవద్దని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీ. 25:13). రంగు వెలిసే బట్టను వెలవదని నవ్వుతూ అంటగడితే ఆ నవ్వు కూడా దొంగ తూకపు రాయే!

ఎలీషా నాటి విధవరాలిని చూడండి (2 రాజులు 4:1-7). అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. దేవుడు నూనెను విస్తరింపజేశాడు. అమ్మే పని మాత్రం ఆమెకే అప్పగించాడు. అద్భుతం మూసిన తలుపుల వెనుక జరిగింది, అప్పు తీరింది అమ్మకంతో. దేవుని పోషణ కొనేవారి చేతుల మీదుగా కూడా వస్తుందన్నమాట. గడప తొక్కిన ప్రతివారినీ దేవుడు పంపినవారిగా ఎంచితే ముఖం దానంతటదే వికసిస్తుంది.

రేపు షట్టర్ ఎత్తేముందు రెండు నిమిషాలు ప్రార్థించండి. మంచి బేరాలు ఇమ్మని అడగండి, తప్పులేదు. ఏమీ కొనకుండా వెళ్లేవారితో కూడా ప్రేమగా మాట్లాడే కృప ఇమ్మని మరవకుండా అడగండి.